సూరత్‌లో ఒక ఇల్లాలి జాడ

సూరత్ నగరంలో గడపిన మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లింబాయత్ ప్రాంతంలో ఒక మిత్రుని ఇంట బస చేశాను. గోడకు అవతల మరమగ్గాలు తెల్లవార్లూ ఆడుతూనే ఉన్నవి. ఉదయం వీధిలోకి వచ్చేసరికి చెవిన పడిన మొదటి మాట తెలుగు మాట. ఒక ముసలమ్మ పాలవానితో బేరమాడుతున్నది. సగం గుజరాతీ, సగం కరీంనగరపు తెలుగు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాల క్రితమే మగ్గం పనికై ఇంత దూరం వలస వచ్చినవి. మా మిత్రుని తండ్రి అట్లా వచ్చినవారి బిడ్డ. మిత్రుడు పుట్టి పెరిగినది సూరత్‌లోనే అయినా ఇంట్లో మాట్లాడే భాష మాత్రం సిరిసిల్లది.

నేను ఏ పని మీద వచ్చానో చెప్పగానే ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, అటక మీది నుండి ఒక రేకుపెట్టె దింపాడు. మూత తీయగానే బురద ఎండిన వాసన. 2006 ఆగస్టులో తపతికి వచ్చిన మహా వరదలో, ఉకాయ్ జలాశయం నుండి వదలిన నీరు నగరాన్ని ముంచెత్తినప్పుడు, ఈ పెట్టె మూడు రోజులు నీటిలో నానింది. తాతగారి మిల్లు పాసు, రేషను కార్డు, ఊరి నుండి వచ్చిన ఉత్తరాలు అన్నీ ఒకటే ముద్ద.

“నాయనమ్మ పేరు కావాలె సారూ,” అన్నాడు. “మా నాయన చిన్నగున్నప్పుడే ఆమె సచ్చిపోయింది. ఒకలు ఒక పేరు చెప్తరు, ఇంకొకలు ఇంకో పేరు చెప్తరు. అత్తగారింట్ల పేరు మార్చిన్రంట. మా కొడుక్కు బిడ్డ పుట్టింది. ఇరవయ్యొక్క దినాల్ల పేరు పెట్టాలె. ఆమె పేరే పెడ్దమని మా నాయన చివరిదాక అన్నడు. మీరు పాత కాయితాలు చదివేటోళ్లు గద.”

నేను చదివే పాత కాగితాలు వేరు. సూరత్‌కు నేను వచ్చినది కూడా ఒక ఇల్లాలి కొరకే. అయితే ఆమె నాలుగు వందల సంవత్సరాల క్రిందటిది. ఆమె భర్త వ్రాసిన పుస్తకంలో సైతం ఆమె పేరు లేదు.

నగరానికి ఉత్తరాన, కతార్‌గామ్ దర్వాజా సమీపంలో పాశ్చాత్యుల శ్మశానవాటికలు ఉన్నవి. దారి అడిగితే ఆటో నడిపే యువకునికి వెంటనే స్ఫురించలేదు. గుమ్మటాలు అనగానే నవ్వి తీసుకొనిపోయాడు. లోపల అడుగుపెట్టిన వారెవరైనా ఇవి విదేశీ వ్యాపారుల సమాధులని మొదట నమ్మలేరు. మొగలు ప్రభువుల గోరీల వలె స్తంభాలు, మెట్లు, గుమ్మటాలు. వీటిలో పెద్దది ఆక్సెండెన్ సోదరులది. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో మరణించాడు. 1664లో శివాజీ సూరత్‌పై పడినప్పుడు ఆంగ్లేయుల కోఠీని కాపాడి పేరు పొందిన జార్జి ఆక్సెండెన్ 1669లో మరణించి తమ్ముని చెంతకే చేరాడు. డచ్చివారి వాటికలో వాన్ రీడే సమాధి మరింత వైభవంగా ఉంటుంది. మలబారు వృక్షాలను గురించి పన్నెండు సంపుటాల ఉద్గ్రంథాన్ని వెలువరించిన ఈ అధికారి 1691లో సముద్రం మీద కన్నుమూయగా సూరత్‌కు తెచ్చి ఖననం చేశారు. ఇక్కడి డచ్చివారు ఆంగ్లేయులను మించవలెనని తమ గుమ్మటాలను పెంచినారని జనం చెప్పుకొంటారు. చూస్తే నిజమేననిపిస్తుంది.

ఈ రాళ్ల నడుమ తిరుగుతుంటే తోచే సంగతి ఒకటున్నది. ఇది పురుషుల ఊరు. తూర్పు ఇండియా కంపెనీ తొలి రోజులలో కోఠీ అంటే ఒక పెద్ద ప్రహరీ, ఒకే వంటిల్లు, అందరికీ ఒకే భోజనపు బల్ల, వేళకు ప్రార్థన, రాత్రి తలుపులకు తాళం. భార్యలను వెంట తెచ్చుకోవడం కంపెనీకి ఇష్టం లేదు. అందువల్ల ఆ కాలపు సూరత్‌లో ఒక దంపతుల కథను వెదకబోయేవాడు సమాధులను విడిచి జమాఖర్చులను, ఉత్తరాలను, సభా నిర్ణయాలను పట్టుకోవలసి ఉంటుంది. వాటిలో ఇల్లాలు ఎప్పుడూ ఒక చిక్కుగానో, ఒక ఖర్చుగానో మాత్రమే దర్శనమిస్తుంది.

1608 ఆగస్టు 24న హెక్టర్ అనే ఓడ సూరత్ రేవు ముందర లంగరు వేసింది. కంపెనీ ఓడలలో ఈ తీరాన్ని చేరిన మొదటిది అదే. దాని నాయకుడు విలియం హాకిన్స్. అతని వద్ద ఇంగ్లండు రాజు జేమ్స్ మొగలు చక్రవర్తికి పంపిన లేఖ ఉన్నది, తుర్కీ భాష ఉన్నది. తక్కినదంతా అదృష్టానికి వదలవలసినదే. సముద్రం మీద పోర్చుగీసులు అతని మనుషులను, సరుకును పట్టుకొన్నారు. రేవు సుంకాల మీద పెత్తనం గల ముకర్రబ్ ఖాన్ నచ్చిన సరుకును తనకు తోచిన ధరకు తీసుకొన్నాడు. ఓడ బాంటం రేవుకు సాగిపోయింది. ఒకరిద్దరు సహచరులతో సూరత్‌లో మిగిలిన హాకిన్స్ 1609 ఫిబ్రవరిలో ఆగ్రాకు బయలుదేరి ఏప్రిల్ 16న చేరుకొన్నాడు.

జహంగీరు అతనితో తుర్కీలో సూటిగా మాట్లాడగలిగి ముచ్చటపడ్డాడు. నాలుగు వందల గుర్రాల మన్‌సబు ఇచ్చాడు. ఇంగ్లిష్ ఖాన్ అని బిరుదు పెట్టాడు. దర్బారులో ఒక పరదేశికి ఇంత గౌరవం దక్కితే సహించనివారు ఉండకపోరు. అన్నంలో విషం కలుపుతారేమోనని భయం పుట్టింది. నీ తిండి కనిపెట్టి చూచుకొనడానికి ఇంట్లో ఒక మనిషి ఉండవలెనని చక్రవర్తి అంతఃపురం నుండి ఒక కన్యను ఇవ్వజూపాడు. మతం వేరు గనుక వద్దని, క్రైస్తవ కన్య అయితే ఒప్పుకొంటానని హాకిన్స్ జవాబిచ్చాడు. అట్లాంటి పిల్ల దొరకదనే ధీమాతోనే ఆ మాట అన్నానని తరువాత తానే వ్రాసుకొన్నాడు.

జహంగీరుకు వెంటనే గుర్తు వచ్చింది. అక్బరు కొలువులో ముబారక్ షా అనే ఆర్మీనియను క్రైస్తవ సేనాని ఉండేవాడు. మరణశాసనం లేకుండా హఠాత్తుగా చనిపోగా అతని ఆస్తిని సోదరులు, బంధువులు కాజేశారు; వసూలు కాని బాకీలు పోగా కూతురికి మిగిలినవి కొన్ని నగలు. ఆమెను చూపించాడు. మాట ఇచ్చిన హాకిన్స్ వెనుకకు పోలేకపోయాడు.

ఇంతటి వివరం వ్రాసిన మనిషి, తండ్రి పేరు, కులగోత్రాలు, ఆస్తి పోయిన తీరు అన్నీ చెప్పినవాడు, అమ్మాయి పేరు మాత్రం చెప్పలేదు. చరిత్రకారులు ఆమెను మరియం అని వ్యవహరిస్తారు. మనమూ అదే వాడుదాం.

పెళ్లి జరిపించడానికి ఆగ్రాలో ప్రొటెస్టెంటు పురోహితుడు లేడు. జెసూట్ గురువులు ఉన్నారు గాని వారు పోర్చుగీసుల పక్షం. అందుచేత హాకిన్స్ సేవకుడు నికొలస్ అఫ్లెట్ పురోహితుని స్థానంలో నిలబడ్డాడు. క్రైస్తవులు కొందరు సాక్షులు. ఆ వివాహం చెల్లుతుందనే హాకిన్స్ నమ్మాడు. మూడు సంవత్సరాలకు సర్ హెన్రీ మిడిల్టన్ నౌకాదళంతో వచ్చిన మతబోధకుడు అది చెల్లదని చెప్పగా ఇద్దరూ మరల పెళ్లాడారు. ఒకే దంపతులకు రెండు వివాహాలు. రెండింటికీ రిజిస్టరు లేదు. సాక్ష్యం వరుడు వ్రాసిన నాలుగు వాక్యాలే. ఆ పెళ్లి తరువాత నిర్భయంగా, తృప్తిగా బ్రతికానని, తాను ఎక్కడికి పోతే అక్కడికి రావడానికి, ఎట్లా బ్రతికితే అట్లా బ్రతకడానికి ఆమె సిద్ధపడిందని అతడు వ్రాశాడు. కంపెనీ మనుషుల వ్రాతలలో భార్యను గురించి ఇంత మంచి మాట అరుదు. ఆమె ఏమనుకొన్నదో ఎవ్వరూ వ్రాయలేదు.

దర్బారు ఆదరం ఎక్కువ కాలం నిలువలేదు. వ్యాపారానికి అనుమతి ఇవ్వడం, రద్దు చేయడం, మరల ఇవ్వడం పరిపాటి అయింది. మద్యం వాసనతో ఎవరూ కొలువులోకి రాకూడదని చక్రవర్తి ఆజ్ఞ పెట్టిన కొద్దికాలానికే హాకిన్స్ ఆ నేరం మీదనే అవమానం పొందాడని అతని తోటివాడు జూర్డెయిన్ వ్రాశాడు. మర్యాద దక్కేటట్లు వెళ్లిపోవడమే మేలని 1611 నవంబరులో ఆగ్రా విడిచాడు.

ఇక్కడ ఇల్లాలి పక్షపు బంధువులు కథలోకి వస్తారు. పిల్లను దేశం దాటనివ్వడానికి వారు ససేమిరా అన్నారు. హాకిన్స్ జెసూట్‌ల ద్వారా గోవా వైస్రాయి నుండి అనుమతి పత్రం తెప్పించి, గోవాలో కాపురం పెడతానని నమ్మబలికాడు. గోవా అయితే రాకపోకలు ఉంటాయని వారు మెత్తబడ్డారు. అతని మనస్సులో ఉన్నది సూరత్ తీరాన నిలిచిన మిడిల్టన్ ఓడ. 1612 జనవరిలో దంపతులు ఓడ ఎక్కారు.

ఆ ఓడ ఎక్కిన చోటు సువాలీ. సూరత్ నుండి పడమరగా సుమారు 20 కిలోమీటర్లు. ఒక సాయంకాలం అక్కడికి వెళ్లాను. దారి పొడుగునా హజీరా కర్మాగారాల పొగగొట్టాలు, లారీల వరుసలు. తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. సెలవుదినం కావడంతో కుటుంబాలు వచ్చి కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటున్నవి. ఒంటెల మీద పిల్లలు. పోటు వెళ్లినప్పుడు నీరు చాలా దూరం జరిగిపోయి బురదనేల బయటపడుతుంది. ఇసుకదిబ్బకు, తీరానికి మధ్య ఉండే లోతైన కాలువలో ఆనాడు ఓడలు నిలిచేవి. 1612 చివర థామస్ బెస్ట్ పోర్చుగీసులను ఎదిరించి నిలిచినది ఈ నీటిలోనే. దాని ఫలంగానే సూరత్‌లో ఆంగ్లేయుల కోఠీ స్థిరపడింది. పాఠ్యపుస్తకాలలో ఆ యుద్ధమే ఉంటుంది. ఆ సంవత్సరమే మొదట్లో ఒక ఆగ్రా పిల్ల పుట్టింటివారు గోవాకే పోతున్నదనుకొంటుండగా ఈ బురదలో నుండి పడవ ఎక్కిందన్న సంగతికి అక్కడ చోటు లేదు.

ప్రయాణం తిన్నగా ఇంగ్లండుకు సాగలేదు. మిడిల్టన్ ఎర్రసముద్రానికి పోయి భారతీయ ఓడలను అడ్డగించి సొమ్ము రాబట్టాడు. తరువాత జావాలోని బాంటం. అక్కడ హాకిన్స్, మరియం థామస్ అనే ఓడకు మారారు. ఆ ఓడలో రోగాలు ప్రబలి నావికులు రాలిపోయారు. 1613లో హాకిన్స్ దారిలోనే మరణించాడు, ఐర్లండులో పాతిపెట్టారు. ఆగ్రాలో పుట్టిన పిల్ల, భర్త చనిపోయి, ఎన్నడూ చూడని దేశంలో దిగబోతున్నది.

బాంటం నుండి అదే కాలంలో తిరుగు ప్రయాణమైన మరొక ఓడ పేరు హెక్టర్. అవును, 1608లో హాకిన్స్‌ను సూరత్‌కు తెచ్చిన హెక్టరే. ఇప్పుడు దానికి నాయకుడు గేబ్రియల్ టవర్సన్. 1614లో లండనులో మరియం ఇతనినే పెళ్లాడింది.

లండనులో ఆమె జాడను పట్టి ఇచ్చేది కంపెనీ పాలకవర్గపు సభా నిర్ణయాల పుస్తకం. హాకిన్స్‌కు రావలసిన జీతభత్యాల లెక్క తెగవలసి ఉన్నది. ఆమె వద్ద 2000 పౌన్ల విలువ గల వజ్రం ఒకటి, 4000 పౌన్ల విలువ గల చిన్న వజ్రాలు కొన్ని ఉన్నవని సభ్యులు చెప్పుకొన్నారు. తండ్రి ఆస్తిలో బంధువులు వదిలిన నగలు ఇవే అయి ఉండవచ్చునని నా ఊహ. చివరకు, ఇక ఏ బాకీ లేదని ఆమె విడుదల పత్రం ఇచ్చే షరతు మీద, ప్రేమకు గుర్తుగా 200 బంగారు నాణేల సంచి ఇచ్చారు. ప్రేమ అన్న మాట అసలు పుస్తకంలోనిదే. గుమాస్తాలు అప్పుడప్పుడు ఎరుగకుండానే హాస్యం వ్రాస్తారు.

1617 సెప్టెంబరులో టవర్సన్ దంపతులు కంపెనీ ఓడలలో సూరత్‌కు చేరారు. ఈ మారు ఆమె ఒంటరిది కాదు. వెంట శ్రీమతి హడ్సన్ అనే పరిచితురాలు, ఫ్రాన్సిస్ వెబ్ అనే సహచారిణి వచ్చారు. ఫ్రాన్సిస్ రహస్యంగా రిచర్డ్ స్టీల్ అనే వ్యాపారిని వివాహమాడినట్లు ప్రయాణంలోనే బయటపడింది. ముగ్గురు స్త్రీలు ఒకేమారు దిగేసరికి, స్త్రీల కొరకు ఒక గదియైనా ఏర్పరచుకోని సూరత్ కోఠీ తలక్రిందులయింది. జహంగీరు కొలువులో ఇంగ్లండు రాయబారిగా ఉన్న సర్ థామస్ రో చిరాకుపడుతూ ఉత్తరాలు వ్రాశాడు. టవర్సన్ సేవకులతో, బాకా ఊదేవానితో తనకంటె ఆర్భాటంగా వచ్చాడని ఒక ఫిర్యాదు. శ్రీమతి హడ్సన్ తన సొంత డబ్బు నీలిమందులో పెడతానంటే, అది కంపెనీ సరుకు, కుదరదని పేచీ. చివరకు బట్టల వ్యాపారానికి ఒప్పుకొన్నారు. భారతదేశంలో సొంత పెట్టుబడితో వ్యాపారం చేయబూనిన తొలి ఆంగ్ల స్త్రీలలో ఆమె ఒకతె. ఇంతమంది పురుషుల గుమ్మటాలు నిలిచిన ఊరిలో ఆమె పేర చిన్న పలక అయినా పెట్టవచ్చునని నాకనిపించింది.

టవర్సన్ ఆశలు మామగారి వంశం మీద. దర్బారులో పలుకుబడి గల అత్తవారి వలన కలిసివస్తుందని వచ్చాడు. ఆ పలుకుబడి ముబారక్ షాతోనే పోయింది. మిగిలిన బంధువులు తామే ఇబ్బందిలో ఉన్నారు. రెండు సంవత్సరాలు చూచి, 1619లో టవర్సన్ ఓడ ఎక్కి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. భార్యను ఆగ్రాలో తల్లి వద్ద వదిలాడు.

ఆ తరువాతి ఉత్తరాలలో ఆమె అప్పు అడిగే మనిషిగా కనిపిస్తుంది. భర్త వదలి వెళ్లిన డబ్బు చాలలేదు. ఆగ్రాలోని కంపెనీ ఉద్యోగులు సూరత్‌కు వ్రాస్తారు. సూరత్ వారు లండనుకు. టవర్సన్ ఇంగ్లండు నుండి 1620లో మరల తూర్పుకు వచ్చాడు, కాని ఆగ్రాకు కాదు; మసాలా దీవులకు. అంబోయినాలో ఆంగ్లేయుల కోఠీకి అధిపతి అయ్యాడు. 1623లో డచ్చివారు కుట్ర నేరం మోపి, చిత్రహింసలు పెట్టి అతనితో సహా పదిమంది ఆంగ్లేయులను తల నరికించారు. ఆ వార్త ఇంగ్లండులో రెండు తరాల పాటు రగిలింది. 1673లో డ్రైడెన్ మహాకవి దాని మీద నాటకం వ్రాశాడు. అందులో టవర్సన్ వీరుడు; అతనికి ఇసబిండా అనే దీవి కన్య ప్రేయసి. రంగస్థలం మీద లేని పిల్లకు పేరు పెట్టారు. ఆగ్రాలో అతని కొరకు చూచిన అసలు భార్య ప్రస్తావన అందులో లేదు.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చిన పుణ్యం చాలవరకు విలియం ఫాస్టర్ అనే పండితునిది. లండనులోని ఇండియా కార్యాలయపు దస్తరాల మధ్య జీవితమంతా గడపి, సూరత్, ఆగ్రా, మచిలీపట్నం కోఠీల ఉత్తరాలను సంవత్సరాల వారీగా సంపుటాలుగా అచ్చువేయించాడు. 1611లో మన మచిలీపట్నంలో ఆంగ్లేయులు మొదట దిగిన నాటి సంగతులు వెదకేవారికీ ఈ వర్గపు కాగితాలే శరణ్యం. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న చర్చి రిజిస్టర్ల ప్రతులు మరికొంత తరువాతివి: మద్రాసువి 1698 నుండి, బొంబాయివి 1709 నుండి, బెంగాలువి 1713 నుండి. నామకరణం, వివాహం, ఖననం — మూడే కాలములు.

ఆ రిజిస్టర్ల కాలానికి వస్తే దంపతుల జాడ పట్టడం ఎంత తేలికో చెప్పడానికి సూరత్‌కే సంబంధించిన మరొక జంట ఉన్నది. 1758 జూలై 28న బొంబాయిలో ఎలిజా స్క్లేటర్ అనే పద్నాలుగేళ్ల బాలిక, తనకంటె ఇంచుమించు ఇరవై ఏళ్లు పెద్దవాడైన డేనియల్ డ్రేపర్‌ను వివాహమాడింది. ఆయన తరువాత సూరత్ కోఠీకి అధిపతి అయ్యాడు. ఇంగ్లండు వెళ్లినప్పుడు నవలాకారుడు లారెన్స్ స్టెర్న్ ఆమెకు మనసిచ్చి లేఖలు వ్రాశాడు. పొసగని కాపురాన్ని వదిలి 1773 జనవరి 14 రాత్రి ఆమె బొంబాయిలోని భర్త ఇంటి నుండి ఓడలోకి పారిపోయింది. ఎక్కడికి చేరిందో తెలిస్తే తెలుగు పాఠకులు ఆశ్చర్యపోతారు: రాజమహేంద్రవరానికి! మేనమామ థామస్ వైట్‌హిల్ అక్కడ కంపెనీ ఉద్యోగి. గోదావరి ఒడ్డు నుండి 1774లో ఆమె వ్రాసిన లేఖ మిగిలి ఉన్నది. 1778లో మరణించిన ఆమెకు బ్రిస్టల్ ప్రధాన దేవాలయంలో స్మారక శిల్పం కూడా ఉన్నది. ఎలిజా చదువుకొన్నది, తన చేతితో తన కష్టం వ్రాసుకొన్నది. మరియం వ్రాత ఒక్క పంక్తి లేదు. భేదమంతా అక్కడే.

గుజరాతులో మరొక రకపు రిజిస్టరు ఉన్నదని మిత్రుడు చెప్పగా ఒక పెద్దమనిషిని కలిశాను. వహీవంచా బారోట్‌లు అని ఒక వర్గం. కొన్ని కులాలకు వంశచరిత్ర వ్రాసిపెట్టడం వారి వృత్తి. పొడుగాటి వహీ పుస్తకం పట్టుకొని యజమానుల ఊళ్లకు వస్తారు, పుట్టినవారిని, పెళ్లయినవారిని చేర్చి, పాతవారిని చదివి వినిపించి, సంభావన తీసుకొని వెళతారు. వరదలో పోయిన రేషను కార్డు కంటె అవే నమ్మకమని ఆ పెద్దమనిషి గర్వంగా అన్నాడు. మా మిత్రుడు విని నిట్టూర్చాడు. పద్మశాలీలకు కూనపులివారు ఉన్నారు. పటం విప్పి మార్కండేయుని, భావనారుషి కథను పాడతారు. కాని అది కులమంతటి కథ. సిరిసిల్లలో ఏ ఇంటి కోడలు ఎవరన్నది ఆ పటంలో ఉండదు.

చివరి రోజు మరల కతార్‌గామ్ వైపు వెళ్లాను. డచ్చివారి గుమ్మటాల చేరువలోనే ఆర్మీనియనుల వాటిక ఉన్నది. ఇక్కడ గుమ్మటాల పోటీ లేదు. నేలకు పరచిన రాతిపలకలు, వాటి నిండా కొక్కేల వంటి అక్షరాలు. మరియం తండ్రి జాతివారు ఆంగ్లేయుల కంటె ముందే ఈ రేవులో వ్యాపారం చేసి, ఈ మట్టిలోనే కలిశారనడానికి ఇవి సాక్ష్యం. ఆర్మీనియను శకానికి 551 కలిపితే మన క్రీస్తు సంవత్సరం వస్తుంది. మెస్రోవ్ సేత్ అనే ఆర్మీనియను చరిత్రకారుడు 1937లో ప్రకటించిన గ్రంథంలో ఈ వాటికలోని అతి పురాతనమైన పలకను చదివి అర్థం చెప్పాడు. ఆర్మీనియను శకం 1028, అనగా 1579. వోస్కన్ అనే పురోహితుడు తన భార్యకు వేయించిన రాయి అది. ఆమె తన భర్తకు కిరీటమని, యాభై మూడవ ఏట, నవంబరు 15న, శుక్రవారం మొదటి గంటలో వెళ్లిపోయిందని, అతనికి తీరని దుఃఖం మిగిల్చిందని ఉన్నది. పేరు కూడా ఉన్నది. మరినాస్.

హెక్టర్ లంగరు వేయడానికి ఇరవై తొమ్మిది సంవత్సరాల ముందు, ఇదే ఊరిలో, ఒక భర్త తన భార్య పేరును, వయస్సును, ఆమె ప్రాణం పోయిన గంటను సైతం రాతిమీద చెక్కించాడు. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఒక మేక వచ్చి పలక ప్రక్కన గడ్డి మేసి పోయింది.

సాయంకాలం లింబాయత్ చేరేసరికి ఇల్లంతా సందడిగా ఉన్నది. ఉధ్నాలో ఉండే మిత్రుని మేనత్త, ఎనభై దాటిన మనిషి, మనుమరాలిని చూడవచ్చింది. ఆటోలో తనతోపాటు ఒక ఇత్తడి బిందెను తెచ్చింది. తల్లి పెండ్లినాడు పుట్టింటివారు సారెలో పెట్టినదట. ఇన్నేళ్లూ బియ్యం పోసుకొన్నదట. “వరదల నా ఇంట్ల సుత నీళ్లొచ్చినయ్. కాయితాలు కరిగినయ్ గని బిందె కరుగుతదా?” అన్నది. నలుపెక్కిన బిందెకు కోడలు చింతపండు పట్టించి తోమింది. మెడ క్రింద, చుక్క చుక్కగా ఉలితో కొట్టిన అక్షరాలు మెల్లగా తేలినవి. ముందు ఊరి పేరు. తరువాత పెండ్లికూతురు తండ్రి పేరు. ఒక అక్షరం దగ్గర సొట్ట పడి ఉన్నది. ఫోను దీపం అడ్డంగా పట్టి చూస్తే అదీ అందింది.

మిత్రుడు చదువుకొన్నది గుజరాతీ బడిలో. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవలసిందే. నేను అందించబోతే చేయి అడ్డం పెట్టి, వ్రేలితో ఒక్కొక్క చుక్కను తడుముతూ తానే చదివాడు. రెండవమారు బిగ్గరగా చదివాడు. మేనత్త తల ఊపింది.

ఆ పేరు ఇక్కడ వ్రాయను. ఇప్పుడది లోపల ఉయ్యాలలో నిద్రపోతున్న పసిపిల్లది.